వెలుగు చూడని కాగితము

ఛాయాచిత్రమును చేతికి తీసికొన్నవారు అందలి మనుష్యుని చూతురు, అతని ఉడుపును చూతురు, వెనుక తెరపై వ్రాసిన మేడను పూలకుండీని చూతురు. బొమ్మ నిలిచియున్న కాగితమును మాత్రము చూడరు. అది సహజమే. అద్దములో ముఖము చూచుకొనువాడు అద్దము వెనుక పూతను గూర్చి ఆలోచింపడు గదా! కాని ఆ కాగితమునకు ఒక చరిత్ర కలదు. అది సీమలో పుట్టినది. ఓడలెక్కి మన దేశమునకు వచ్చినది. కొంతకాలము మన దేశములోనే తయారైనది. తుదకు ఆ తయారీ నిలిచిపోయినది. నిలిచిపోయిన తరువాతను దాని పెట్టెలు కొన్ని పాత స్టూడియోల అటకలపై, బీరువాల అడుగున, వెలుగు చూడక మిగిలియుండుట కద్దు. ఆ మిగిలిన కాగితముతో ఏమి చేయవచ్చును, ముందుగా ఏమి చేయవలెను అనునదే ఈ ప్రసంగ విషయము.

దీనిని కదిరి వంటి పట్టణమును మనసులో నుంచుకొని విచారించుటకు కారణము కలదు. చీకటిగదిలో పనిచేయువానికి రెండు వస్తువులు ముఖ్యము: చల్లదనము, నీరు. కదిరి సీమలో ఆ రెండును కొరతయే. అవిభక్త అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో పగటివేడి 40 డిగ్రీలు దాటును. ఇట్టిచోట ఛాయాచిత్రమును నిలుపుట యెట్లో తెలిసినచో మరెక్కడనైనను నిలుపవచ్చును.

ముందుగా ఆ కాగితము స్వరూపమును చూతము. అడుగున శుద్ధమైన కాగితము. దానిపై బేరియము సల్ఫేటుతో తెల్లని పూత. మన రాయలసీమలో ముగ్గురాయి యని పిలుచు ఖనిజములో నున్నది ఈ ద్రవ్యమే. కడప సీమలోని మంగంపేట గనులు ముగ్గురాయికి ప్రపంచమున పేరెన్నిక గన్నవి. కాగితపు పూతకు వాడునది రసాయన విధానమున శుద్ధముగా తీసిన పొడి. ఆ పూతపైన పశువుల ఎముకలనుండి, తోళ్ళనుండి తీసిన జెలటిను. ఆ జెలటినులో వెండి లవణముల సూక్ష్మ స్ఫటికములు చెదరియుండును. వెలుగు తాకిన స్ఫటికములో కంటికి కానరాని మార్పు కలుగును. డెవలపరు అను ద్రావకము అట్లు మారిన స్ఫటికములను నల్లని వెండిగా చేయును. వెలుగు తాకని లవణమును హైపో కరగించి తొలగించును. కనుక నలుపు తెలుపుల ఛాయాచిత్రమనగా వెండితో వ్రాసిన బొమ్మయే.

కాగితముపై ఛాయాచిత్రమును నిలుపు విధానమును 1839లో ఇంగ్లండునందు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ లోకమునకు ప్రకటించెను. అదే సంవత్సరమున సర్ జాన్ హెర్షెల్, 20 ఏండ్ల క్రితము తాను కనుగొనిన హైపో గుణమును బొమ్మలను స్థిరపరచుటకు వినియోగించెను. 1850లో ఫ్రాన్సు దేశీయుడు బ్లాంకార్ ఎవ్రార్ కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును ప్రవేశపెట్టెను. తరువాత సుమారు 40 సంవత్సరములు లోకమంతటను ఛాయాచిత్రములు ఎక్కువగా ఆ కాగితము మీదనే వెలసినవి. దానిని నెగటివు క్రింద నుంచి ఎండలో పెట్టిన చాలును, బొమ్మ దానంతట అదే తేలును.

మన మద్రాసు రాజధానికి ఈ విద్య త్వరగానే వచ్చినది. 1856లో మద్రాసున ఛాయాచిత్ర సంఘము ఏర్పడినది. ఆ సంవత్సరమే లిన్నేయస్ ట్రైప్ అను సైనికాధికారి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నియమితుడయ్యెను. మన ఎండలలో తడి ప్లేటు నిమిషములలో ఆరిపోవును. అందుచేత మైనము పట్టించి ముందుగానే సిద్ధము చేసికొన్న కాగితపు నెగటివులను అతడు విరివిగా వాడెను. ఎండతో ఛాయాగ్రాహకుని పోరాటము ఈ దేశములో ఆనాడే మొదలైనదన్నమాట.

కరవుసీమ జనులు ఆ కాగితముపైకి ఎట్లు వచ్చిరో తలచుకొన్న మనసు కలతచెందును. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును మహాక్షామము పీడించినది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అందులో తీవ్రముగా నష్టపడినవి. కదిరి తాలూకా అప్పుడు కడప జిల్లాలోనిది. 1910లో అనంతపురము జిల్లాలో చేరినది. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడున్నది. ఆ క్షామకాలమున విలోబీ వాలెస్ హూపర్ అను సైనికాధికారి మద్రాసు రాజధానిలో క్షామపీడితులను గుంపులుగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. ఎముకల గూళ్ళవంటి తల్లులు, బిడ్డలు, వృద్ధులు తెల్లసొన కాగితముపై నేటికిని నిలిచియున్నారు. కాగితము తన పని తాను చేసినది. కాని వారు ఎవరు, ఏ ఊరివారు అనునది ఆ చిత్రములు చెప్పవు. వారు తమంత తాము వచ్చి కూర్చున్నవారు కారు. తమ బొమ్మపై వారికి ఎట్టి అధికారమును లేదు.

ఈ స్థితిని మార్చినది మరియొక కాగితము. 1880 ప్రాంతమున జెలటినులో వెండి లవణములను కలిపి పూసిన బ్రోమైడు కాగితము వచ్చినది. దానికి ఎండతో పనిలేదు. చీకటిగదిలో కొద్ది సెకనుల దీపకాంతి చాలును. 1893లో లియో బేక్‌లాండ్ అను బెల్జియము దేశీయుడు అమెరికాలో వెలాక్సు అను కాగితమును తయారుచేసెను. 1899లో ఆ వ్యాపారమును కొడాక్ అధిపతి జార్జి ఈస్ట్‌మన్ కొనివేసెను. ఈ జాతి కాగితమును ఆ దేశములో గ్యాసుదీపపు కాగితమని పిలిచెడివారు. విద్యుచ్ఛక్తి లేని ఊళ్ళకు ఇది వరము. నెగటివును, కాగితమును ఒక చట్రములో నొక్కిపట్టి దీపమునకు చూపినచో నెగటివు ఎంత పరిమాణమో అంత బొమ్మ వచ్చును. ఎన్లార్జరుతో పనిలేదు.

ఈ సులువు వలననే ఛాయాచిత్రము రాజాస్థానములు దాటి తాలూకా కేంద్రములకు రాగలిగినది. సికింద్రాబాదులో రాజా దీనదయాళ్ నిజాము ప్రభువునకును, దొరలకును చిత్రములు తీసిన రోజులు గడచినవి. ఇరువదవ శతాబ్ది నడిమి నాటికి చిన్న పట్టణములలో సయితము స్టూడియోలు వెలసినవి. వేరుసెనగ అమ్మిన రూకలతో కుటుంబమంతయు బండి కట్టుకొని వచ్చి ఫోటో దిగుట ఒక ముచ్చట. పెండ్లి చూపులకు పిల్ల ఫోటో, పాఠశాల వీడ్కోలునాటి గ్రూపు ఫోటో, గల్ఫు దేశములకు పోవువాని పాస్‌పోర్టు ఫోటో, పోయిన పెద్దల ఫోటో, ఇవన్నియు ఆ కాగితము మీదనే వెలసినవి. హూపర్ ఎదుట కూర్చున్నవారికిని వీరికిని భేదమొకటే. వీరు తమ యిష్టమున వచ్చిరి, ఉతికిన బట్టలు కట్టుకొని వచ్చిరి, కవరుమీద పేరు వ్రాయించుకొని పోయిరి.

ఇన్ని బొమ్మలకు కాగితము ఎక్కడిది? మొదట అంతయు దిగుమతియే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత విదేశద్రవ్యము కొరవడగా ప్రభుత్వమే ఈ పరిశ్రమను నెలకొల్ప పూనుకొన్నది. హిందూస్థాన్ ఫోటో ఫిలింస్ అను ప్రభుత్వ సంస్థ 1960లో ఏర్పడినది. ఫ్రాన్సు దేశపు బోషె సంస్థ సాంకేతిక సహాయముతో నీలగిరులలో ఉదకమండలమునందు కర్మాగారము లేచినది. 1967లో ఉత్పత్తి ఆరంభమైనది. చల్లదనము, దుమ్ములేని గాలి, మంచి నీరు ఈ పరిశ్రమకు ప్రాణములు గనుక కొండపై స్థలము ఎన్నుకొనబడినది. సరుకునకు పెట్టిన పేరు ఇందు. ఇందువనగా చంద్రుడు. వెండి చంద్రుని లోహమని మనవారి భావన; వెండి లవణములతో చేసిన సరుకునకు ఆ పేరు చక్కగా అతికినది. సినిమా ఫిలిము, ఎక్సురే ఫిలిము, బ్రోమైడు కాగితము ఆ కొండమీది నుండి దేశమంతటికిని దిగినవి.

తరువాత కాలము మారినది. 1980 దశకములో రంగుల ఫోటో లేబరేటరీలు పట్టణ పట్టణమునకు వ్యాపించినవి. నలుపు తెలుపుల కాగితమునకు గిరాకి తగ్గినది. ఉదకమండలపు సంస్థ 1996లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటింపబడినది. దానిని మూసివేయ 2014లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. ఈలోగా డిజిటల్ కెమెరా వచ్చి రంగుల ఫిలిమును కూడ వెనుకకు నెట్టినది. 2005లో కొడాక్ సంస్థ తన నలుపు తెలుపుల కాగితము తయారీని మానుచున్నట్లు ప్రకటించెను. ఆ సంవత్సరమే జర్మనీలో ఆగ్ఫాఫోటో సంస్థ దివాలా తీసినది. ఇంగ్లండులో ఇల్ఫోర్డు పేరిటను, చెక్ దేశమున ఫోమా పేరిటను కాగితము నేటికిని తయారగుచున్నది. కాని అది దిగుమతి సరుకు. చిన్న స్టూడియోకు అందు వెల కాదు. ఇక మన తాలూకా స్టూడియోలలో వాడిన కాగితములు చాలవరకు మరల రావు.

అట్లయిన మిగిలిన పెట్టెలు పనికివచ్చునా? వచ్చును, కాని వాని వయస్సును గుర్తింపవలెను. వెండి స్ఫటికము చీకటిలో నున్నను నిశ్చలముగా నుండదు. వేడిమి, తేమ, గాలిలోని వాయువులు, ప్రకృతిలో సహజముగా నుండు కిరణములు దానిని కొద్దికొద్దిగా మార్చుచుండును. వెలుగు చూడకున్నను చూచినట్లే డెవలపరులో నల్లబడు స్థితి వచ్చును. దీనినే మసక యందురు. తెల్లగా నుండవలసిన చోటు బూడిదరంగు తిరుగును. కాగితపు చురుకుదనము తగ్గును. నలుపు తెలుపుల తేడా సన్నగిల్లును. ఈ మార్పునకు వేడిమి పెద్ద దోహదము. కదిరి వేసవిలో రేకుల కప్పు క్రింద గడచిన పదియేండ్లు నీలగిరి చల్లదనములో గడచిన పదియేండ్లతో సమానము కావు.

కాగితములన్నియు ఒక్కతీరున ముసలివి కావు. నెగటివుతో తాకించి బొమ్మ తీయు మందగతి క్లోరైడు కాగితము దశాబ్దముల తరబడి చెడక నిలుచుట కలదు. చురుకైన బ్రోమైడు కాగితము అంతకన్న త్వరగా మసకబారును. పూతలోనే డెవలపరు కలిపిన ప్లాస్టిక్కు పొర కాగితములు మరియు త్వరగా చెడును. పెట్టెలో కూడ అంచులే ముందు చెడును. నడిమి భాగము బాగుండవచ్చును. అట్టిచో అంచులు కత్తిరించి చిన్న బొమ్మలు తీసికొనవచ్చును.

పరీక్ష సులువైనది. ఎర్రదీపము క్రింద ఒక కాగితము నుండి రెండు పేలికలు కత్తిరింపవలెను. ఒకదానిని నేరుగా హైపోలో వేయవలెను. రెండవదానిని వెలుగు చూపకయే డెవలపరులో పూర్తికాలముంచి తరువాత హైపోలో వేయవలెను. రెండింటిని పక్కపక్కన పెట్టి పగటి వెలుగులో చూచినచో మసక యెంతయో తేలును. రెండును ఒకటిగా తెల్లగా నున్న కాగితము మంచిది. రెండవది కొంచెము బూడిదవన్నె యైనచో డెవలపరులో పొటాసియము బ్రోమైడు గాని, బెంజోట్రయజోలు గాని కలుపవలెను. బెంజోట్రయజోలు నూటికి ఒకటి పాలు ద్రావకమును లీటరు డెవలపరునకు 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, చాలనిచో క్రమముగా పెంచుకొనవచ్చును. మసక తగ్గును, అందుకు బదులుగా బొమ్మకు వెలుగు ఎక్కువ చూపవలసి వచ్చును. మిక్కిలి నల్లబడిన కాగితమును ఈ మందు కాపాడలేదు.

పాత కాగితమునకు పాత నెగటివు పొసగుటలో ఒక న్యాయము కలదు. నలుపు తెలుపుల తేడా గట్టిగానున్న నెగటివునకు మెత్తని కాగితము కావలెను. వయస్సుచేత కాగితము మెత్తబడును. కనుక పెట్టెమీద అచ్చువేసిన గ్రేడు సంఖ్యను నమ్మక, దానికన్న మెత్తనిదిగా లెక్కించి, తేడా బాగుగానున్న నెగటివును ఎంచి దానిపై వేసినచో మంచి బొమ్మ వచ్చును. పలుచని నెగటివులను అట్టి కాగితమునకు అప్పగించినచో బూడిద ముద్దయే మిగులును.

ఇక ఎండ సంగతి. డెవలపరు 20 డిగ్రీల వద్ద ఉండవలెనని కాగితపు పెట్టెలో చీటి చెప్పును. కదిరిలో చైత్రవైశాఖములలో కుళాయి నీరే అంతకన్న వెచ్చన. ద్రావకములు వేడెక్కినకొలది జెలటిను మెత్తబడి, మరియు వేడెక్కినచో కాగితము నుండి ఊడివచ్చును. అందుచేత ఎండకాలమున తెల్లవారుజామున గాని, రాత్రి పొద్దుపోయిన తరువాత గాని పనిచేయుట, ద్రావకపు పళ్ళెమును చన్నీళ్ళ పళ్ళెములో నిలుపుట, హైపోలో పటిక చేర్చి జెలటినును గట్టిపరచుట అవసరము. ఈ పనికి కార్తికము నుండి మాఘము వరకు గల చలికాలమే అనువైనది.

అన్నిటికన్న కఠినమైనది నీటి సమస్య. కాగితపు పోగులలోనికి హైపో ఇంకును. అది పూర్తిగా కడుగబడనిచో కాలక్రమమున వెండితో కలిసి బొమ్మను పసుపుగా, గోధుమవన్నెగా మార్చి తుదకు వెలవెలబోవ జేయును. మన యిండ్లలో పాత ఫోటోలు పాలిపోవుటకు ఇదియొక ముఖ్య కారణము. మందపు కాగితమును పారు నీటిలో గంటసేపు కడుగవలెనని పాత నియమము. బిందె నీటికి బారులు తీరిన కరవు సంవత్సరములలో గంటసేపు నీరు పారించుట ఎవరికి సాధ్యము? ఒకటి రెండు నీళ్ళతో సరిపెట్టిన స్టూడియోవానిని తప్పు పట్టుట న్యాయము కాదు. బొమ్మ పాలిపోవుటలో కరవునకును పాలు కలదు.

దీనికొక ఉపాయము రెండవ ప్రపంచయుద్ధ కాలమున తేలినది. సముద్రపు నీటిలో కడిగినచో హైపో మంచి నీటిలో కన్న త్వరగా వదలుననియు, తరువాత కొద్ది మంచి నీటితో ఉప్పును తొలగించిన చాలుననియు గుర్తించిరి. ఆ అనుభవము నుండి సోడియము సల్ఫైటు స్నానము పుట్టినది. బొమ్మను 5 నిమిషములు నీటిలో కడిగి, సల్ఫైటు ద్రావకములో 10 నిమిషములుంచి, మరల 5 నిమిషములు కడిగినచో గంట పని 20 నిమిషములలో ముగియును. పారు నీటికి బదులు పళ్ళెములో నీరు పోసి, కదలించి, పారబోసి, మరల క్రొత్త నీరు పోయు పద్ధతి ఇంకను పొదుపైనది. కడుగుటకు లేని నీటితో బొమ్మ తీయుటకన్న తీయకుండుటయే మేలు.

స్కానరు అను యంత్రముండగా ఇంత శ్రమ యెందులకని కొందరు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. నెగటివులను స్కాను చేసి నలుగురికి అందించుట తప్పక చేయదగిన పని. కాని కంప్యూటరులోని ప్రతిని చూచుటకు ఎప్పటికప్పుడు ఒక యంత్రము, దానిని కాపాడుటకు ఒకరి శ్రద్ధ కావలెను. చక్కగా కడిగిన వెండి బొమ్మను చూచుటకు కన్నొక్కటి చాలును. రెండు పనులును పరస్పర విరోధులు కావు. ఒకటి వ్యాప్తికి, రెండవది స్థితికి.

చెడిన పాత కాగితముతో చిత్రకారులు వింత వింత ఛాయలు సాధించుచున్నారు. మసకనే అందముగా మలచుచున్నారు. అదియు కళయే. కాని బాగున్న కాగితము కొద్ది. కొద్ది వస్తువును పంచునపుడు ఎవరి వాటా ముందో ఆలోచింపవలెను.

కదిరి నరసింహస్వామి గుడికి చిత్రముల కొరత లేదు. సమీపమందలి తిమ్మమ్మ మఱ్ఱిమానును బెంగళూరు పాత్రికేయుడు, ఛాయాగ్రాహకుడు రిగ్రెట్ అయ్యర్ లోకమునకు చాటగా, అది 1989లో గిన్నిసు గ్రంథమున చోటు సంపాదించినది. రాజా దీనదయాళ్ అద్దపు నెగటివులు 2,857 ఆ సంవత్సరమే ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరి భద్రముగా నున్నవి. గుడికి, చెట్టుకు, రాజునకు రక్షకులు దొరకిరి. బండి కట్టుకొని వచ్చి ఫోటో దిగిన రైతు కుటుంబపు నెగటివునకు ఎవరున్నారు? స్టూడియో మూతపడిన తరువాత నెగటివులను వెండి తీయువారికి తూకమునకు అమ్ముటయు, అద్దపు పలకలను కడిగి అద్దముగా వాడుటయు మన దేశమున పలుచోట్ల జరిగినది. అట్లు పోయిన ముఖములు మరల రావు. పేరులేని క్షామచిత్రములు మిగిలి, పేరుతో వచ్చి కూర్చున్నవారి చిత్రములు నశించినచో, ఈ సీమ చరిత్రలో కరవు తప్ప మరేమియు లేదని ముందుతరములవారు తలంచు ప్రమాదము కలదు.

కనుక పాత కాగితపు పెట్టె దొరకినవారు ముందుగా నెగటివులను వెదకుట మంచిది. స్టూడియో రిజిస్టరులోనో, కవరు మీదనో పేరు, ఊరు, తేది ఉన్నచో బొమ్మ వెనుక పెన్సిలుతో వ్రాసి ఆ కుటుంబమునకు ఒక ప్రతి, ఊరి గ్రంథాలయమునకు ఒక ప్రతి చేర్చవలెను. నెగటివు జాగ్రత్తగా నుంచినచో ఇంకను చాలకాలము నిలుచును, కాగితము నిలువదు. గడచిన ప్రతి వేసవియు దాని బలమును కొంత హరించుచునే యున్నది. పనిచేయ వీలులేనివారు పెట్టెను అటకపై నుండి దింపి, గాలి చొరని సంచిలో చుట్టి, శీతల యంత్రములో నుంచవలెను.

ఒక్క హెచ్చరిక. అట్టి పెట్టె చేతికి దొరకినపుడు లోపల ఏమున్నదో చూతమను కుతూహలముతో పగటివేళ మూత తీయరాదు. ఇన్ని ఏండ్లు చీకటిలో కాపాడబడినది అర క్షణములో పోవును. చీకటిగదిలో, ఎర్రదీపము క్రింద మాత్రమే దానిని తెరువవలెను.